ఖాళీ చేసి చూపించు

వెర్లీన్ స్టాంపర్‌కి దేవుడిచ్చిన ఆస్తి గొంతొక్కటే. అది పాటకి పనికిరాదని చర్చి బృందం వాళ్లు ఆవిడ పదహారో ఏటనే తేల్చేశారు. కానీ స్కూలు బస్సులో నలభై మంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటుంటే, అద్దంలోకి చూస్తూ ఆవిడ "కూర్చో" అని ఒక్క మాట అనేది. ఎవరిని అన్నదో ఎవరికీ తెలియదు. నలభై మందీ కూర్చునేవారు. అరిచేది కాదు, కోప్పడేదీ కాదు. ఎదుటివాడు ఆలోచించుకునే లోపలే వాడి కాళ్లూ చేతులూ మాట వినేసే గొంతు అది.

అమెరికాలో మిజోరి రాష్ట్రం దక్షిణపు కొండల్లో ఇరవై ఆరేళ్లు ఆ బస్సు నడిపింది. రోజూ చివరి పిల్లవాడు దిగాక వెనక సీటు దాకా నడిచి, ప్రతి సీటు కిందికీ వంగి చూసి, "ఖాళీ" అని పైకి అనేది. వినేవాళ్లు ఎవరూ లేకపోయినా అనేది. పక్క ఊళ్లో ఎవరో డ్రైవరు చూసుకోకుండా బస్సుకి తాళం వేసి వెళ్లిపోతే, నిద్రపోయిన పాప ఒకతి సాయంత్రం దాకా లోపలే ఏడుస్తూ ఉండిపోయిందట. ఆ సంగతి విన్నప్పటి నుంచీ ఆవిడకి ఏదైనా ఖాళీ అంటే కళ్లతో చూడాల్సిందే.

మొగుడు డోయల్ ఇంటింటికీ తిరిగి గ్యాసు నింపే ట్యాంకర్ నడిపేవాడు. పొట్టి మనిషి, గట్టి మనిషి, మాటలు తక్కువ. అతనికున్న ఒకే ఒక్క వ్యసనం పిస్టల్ పోటీలు. పోటీలంటే కదలకుండా నిలబడి నల్లచుక్కని కొట్టేవి కావు. పశువుల బీడులో ప్లైవుడ్ చెక్కలతో గోడలు కట్టి, తలుపులూ కిటికీలూ పెట్టి, అట్టబొమ్మల్ని దొంగలుగా నిలబెట్టేవారు. పక్కన కాగితం మీద కథ రాసి అంటించేవారు. "నువ్వు పాలు కొనడానికి పెట్రోలు బంకు దుకాణానికి వెళ్లావు. కౌంటర్ దగ్గర ముగ్గురు దొంగలున్నారు. నిన్ను నువ్వు కాపాడుకో." చేతుల్లేని కోటు కింద పిస్టల్ దాచుకుని నిలబడాలి. బీప్ మనగానే కోటు పక్కకి తోసి, పిస్టల్ తీసి, ఒక్కో బొమ్మకి రెండేసి తూటాలు. ఎంత త్వరగా, ఎంత సూటిగా అన్నదే లెక్క. ఈ కథల్లో సగం డోయల్ రాసినవే. పోటీకి ముందు అందరూ లోపలికి వెళ్లి, బొమ్మలు ఎన్ని ఉన్నాయో, ఏ మూల ఎవడు నిలబడ్డాడో తీరిగ్గా చూసుకుని వచ్చేవారు. దొంగలు ముందుగా తలల లెక్క అప్పజెప్పేది ప్రపంచంలో ఆ ఒక్క చోటే.

"ఇది ఆట కాదు," అనేవాడు డోయల్. "ఏదో ఒక రోజు నిజంగా వస్తుంది. ఆ రోజు మెదడు పనిచేయదు. చేతులే పనిచేస్తాయి. చేతులకి నేర్పాలి."

క్లబ్బు అధ్యక్షుడు వెండెల్ క్రేన్ నవ్వేవాడు. ముప్పై ఏళ్లు షెరీఫ్ దగ్గర పోలీసుగా పనిచేసి రిటైరైన మనిషి. తన మీదికి నిజంగా తుపాకి ఎత్తినవాణ్ణి చూసినవాడు ఆ గుంపులో అతనొక్కడే.

"ఆట ఆటే, డోయల్. అట్టబొమ్మ తిరిగి కాల్చదు. నీ వెనక్కి రాదు. పైగా అయిపోయిందని నీకు వెర్లీన్ చెప్తుంది. బయట అయిపోయిందని ఎవడూ చెప్పడు."

"ఎవడో చెప్పాలా? నాకు తెలీదా?"

"అదే కదయ్యా నా భయం."

మొదట్లో వెర్లీన్ ఆ బీడుకి వెళ్లింది మొగుడు ఆదివారాలు ఎక్కడ గడుపుతున్నాడో చూద్దామని. వెళ్లిన మూడో వారమే ఆ బీప్ కొట్టే టైమర్ ఆవిడ చేతిలో పెట్టి, పోటీ నడిపించమన్నారు. ఆ గొంతు విన్నవాళ్లు వదులుకుంటారా? క్లబ్బులో రూలు ఒకటే. నడుముకి పిస్టల్ ఉండొచ్చు, అందులో తూటా మాత్రం ఉండకూడదు. యాభై మంది తుపాకులు కట్టుకుని తిరుగుతుంటే యాభయ్యీ ఖాళీయే. తన వంతు వచ్చినవాడు బొమ్మల ముందు నిలబడ్డాక, వెర్లీన్ అతని కుడి భుజానికి ఒక అడుగు వెనక నిలబడి, "లోడ్ చేసి సిద్ధమవ్వు" అంటేనే తూటా లోపలికి వెళ్లేది. చివరి తూటా పేలాక ఒక నిశ్శబ్దం వచ్చేది. అందులోంచి ఆవిడ గొంతు వచ్చేది.

"అయిపోతే, ఖాళీ చేసి చూపించు."

కాల్చినవాడు తూటాలుండే మేగజైన్ ఊడదీసి, పిస్టల్ పైభాగాన్ని వెనక్కి లాగి, లోపల మిగిలిన తూటాని బయటికి దూకించి, కుడి పక్కకి వంచి ఆవిడకి చూపించేవాడు. ఆవిడ వంగి లోపలికి చూసేది. బస్సు సీటు కిందికి చూసినట్టే చూసేది.

"ఖాళీ. ట్రిగ్గర్ నొక్కు. ఒరలో పెట్టు."

టక్ మని ఖాళీ చప్పుడు. అయిపోయేది. ఇరవై రెండేళ్లలో ఆ బీడులో ఒక్కరికి గోరంత గాయం కాలేదు. వెర్లీన్‌కి అదే గర్వం. పిల్లల్లేని ఇంట్లో డోయల్ గెలిచిన ఫలకాలు గోడ నిండా ఉండేవి, కానీ వాటి మధ్య ఆవిడ ఒక ఖాళీ మేకు కొట్టి ఉంచింది. అడిగినవాళ్లకి, "అది నాది. జరగనివాటికి ఫలకం ఇవ్వరు కదా," అనేది. ఒకసారి డోయల్ పిస్టల్ మూతి పక్కకి తిరిగిందని అందరి ముందూ పోటీ నుంచి తప్పించి ఇంటికి పంపేసింది. మూడు రోజులు మాట్లాడలేదతను. నాలుగో రోజు నుంచి ఊరంతా తిరిగి అదే చెప్పుకున్నాడు.

"మా ఆఫీసరమ్మ నన్నే గెంటేసింది. ఇంక మీరెంత!"

డోయల్‌కి ఒక సరదా ఉండేది. పిస్టల్ ఖాళీ చేసేటప్పుడు ఎగిరొచ్చే తూటాని గాల్లోనే ఎడం చేత్తో పట్టేసేవాడు. ఎన్నడూ నేల మీద పడనిచ్చేవాడు కాదు. వెర్లీన్ పైకి విసుక్కునేది గానీ లోపల మురిసిపోయేది.

ఆ బీడు ఆర్విల్ టీగ్ అనే ముసలాయనది. హైవే మీద పెట్రోలు బంకు, దానికి ఆనుకుని చిన్న దుకాణం ఆయనవి. పోటీ అయ్యాక అందరూ అక్కడికే చేరేవారు. బన్నుల్లాంటి వేడి బిస్కెట్ల మీద మిరియాలు దట్టించిన సాసేజ్ గ్రేవీ పోసి, ఎవరు వద్దన్నా రెండోసారి వడ్డించేవాడు. వెర్లీన్ని చూస్తే చాలు, రెండు చేతులూ పైకెత్తేసేవాడు.

"నా దగ్గరేం లేదు తల్లీ, చూసుకో! ఖాళీ! ఖాళీ! ఈవిడ చెప్తే స్మశానంలో శవాలు కూడా లేచి గన్ ఖాళీ చేసి చూపిస్తాయిరా!"

అక్టోబరులో ఒక ఆదివారం డోయల్ మళ్లీ మొదటి స్థానంలో నిలిచాడు. మిగతావాళ్లు ప్లైవుడ్ గోడలు విప్పుతుంటే ఆలుమగలిద్దరూ ముందుగా ఆర్విల్ బంకుకి బయలుదేరారు. క్లబ్బు గేటు దాటగానే డోయల్ ట్రక్కు ఆపి, ఎప్పట్లాగే పిస్టల్ లోడ్ చేసుకుని నడుముకి పెట్టుకున్నాడు. పోటీలో వాడేదే రోజూ కట్టుకునేవాడు. రోజూ వాడని వస్తువు అవసరానికి పరాయిదైపోతుందని అతని వాదన. మధ్యాహ్నం మూడు దాటింది. బంకులో ఒక్క కారు తప్ప ఇంకేమీ లేదు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లేసరికి ఆర్విల్ కౌంటర్ వెనక రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. వెర్లీన్ నవ్వబోయింది. ఈ పూట తనని చూడకుండానే చేతులెత్తేశాడేమిటా అనుకుంది. అప్పుడు కనబడ్డాడు బూడిదరంగు చొక్కావాడు, చేతిలో పిస్టల్‌తో. వాడు తలుపు చప్పుడుకి ఇటు తిరిగాడు. పిస్టల్ కూడా తిరుగుతోంది.

డోయల్ కోటు కదలడం ఆవిడ చూసింది. రెండు చప్పుళ్లు ఒకటిగా వినిపించాయి. వాడు న్యూస్‌పేపర్ల స్టాండు మీద పడి, దాంతో పాటు నేల మీదికి జారిపోయాడు. తర్వాత దుకాణంలో కెమెరా చెప్పింది, మొత్తం సెకనున్నర. రెండు తూటాలూ పేకముక్క కింద దాచేయొచ్చు, అంత దగ్గరగా తగిలాయి. చేతులకి నేర్పింది వృథా కాలేదు. డోయల్ అన్నది అక్షరాలా నిజమైంది, ఆ సెకనున్నర వరకు.

తర్వాత నిశ్శబ్దం వచ్చింది. తూటాలు ఆగాక వచ్చే ఆ నిశ్శబ్దం వెర్లీన్‌కి బాగా తెలిసినదే. అందులో ఆవిడ పని ఒకటి ఉంటుంది. ఆవిడ డోయల్ కుడి భుజానికి ఒక అడుగు వెనక ఉంది. భయం ఇంకా గుండెదాకా చేరలేదు. నోరు ముందే తన పని చేసేసింది.

"అయిపోతే, ఖాళీ చేసి చూపించు."

డోయల్ మేగజైన్ ఊడదీశాడు. పైభాగం వెనక్కి లాగాడు. ఎగిరిన తూటాని ఎడం చేత్తో గాల్లోనే పట్టేశాడు. పిస్టల్ కుడి పక్కకి వంచి చూపించాడు. వెర్లీన్ వంగి చూసింది. మనిషి చచ్చి పడి ఉన్న గదిలో, పొగ వాసన ఇంకా ముక్కులో ఉండగా, ఆ మహాతల్లి వంగి శ్రద్ధగా లోపలికి చూసింది.

"ఖాళీ. ట్రిగ్గర్ నొక్కు. ఒరలో పెట్టు."

టక్.

డోయల్ పిస్టల్ ఒరలో పెట్టడం చూసి ఆర్విల్ చేతులు దింపాడు. "అయ్య బాబోయ్, డోయల్," అంటూ కౌంటర్ పక్క నుంచి బయటికి వచ్చాడు. అప్పుడు వెనక బాత్‌రూమ్ తలుపు తెరుచుకుంది. రెండోవాడు అందులో ఉన్నాడు. వాడి సంగతి ఏ కాగితం మీదా రాసి అంటించలేదు.

వాడు ఐదుసార్లు కాల్చాడు. ఒకటి డోయల్ తుంటి ఎముకలో దిగింది. రెండు ఆర్విల్ ఛాతీలో. కింద పడుతూనే డోయల్ మళ్లీ అంత వేగంగానూ పిస్టల్ తీశాడు, అంత సూటిగానూ గురిపెట్టాడు, నొక్కాడు. టక్. మళ్లీ నొక్కాడు. టక్. వాడు డోయల్ కాళ్ల మీదుగా దాటి పరిగెత్తి వెళ్లిపోయాడు. తూటా డోయల్ ఎడమ గుప్పిట్లోనే ఉంది.

అంబులెన్సు వచ్చేలోపు వెర్లీన్ వంటింటి తువ్వాళ్లన్నీ తెచ్చి ఆర్విల్ ఛాతీ మీద అదిమింది. పొయ్యి మీద గ్రేవీ మాడిపోతున్న వాసన వస్తూనే ఉంది. ఆర్విల్ పైకప్పు కేసి చూస్తూ చూస్తూ ఆగిపోయాడు.

పారిపోయినవాణ్ణి రెండు రోజుల తర్వాత పక్క రాష్ట్రం అర్కన్సాలో పట్టుకున్నారు. షెరీఫ్ మనుషులు వెర్లీన్‌ని రెండు గంటలు కూర్చోబెట్టి అడిగారు. అడిగినవాటన్నిటికీ నిజమే చెప్పింది. నువ్వేమైనా అన్నావా అని మాత్రం వాళ్లు అడగలేదు. కెమెరాలో బొమ్మ తప్ప శబ్దం పడదు. ఆ బొమ్మలో కూడా చిప్స్ స్టాండు ఆవిడని తల నుంచి నడుము దాకా కప్పేసింది. కాళ్లే కనిపిస్తాయి.

ఆసుపత్రిలో మూడో రోజు డోయల్ కళ్లు తెరిచి మొదట అడిగిందే అది.

"వెర్లీన్, వాడు పడిపోయాక నువ్వేమైనా అన్నావా?"

ఆవిడ చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. నర్సు పక్కనే నిలబడి ఏదో రాసుకుంటోంది.

"ఎప్పుడు?"

"వాడు పడిపోయాక. నీ గొంతు వినబడింది నాకు. ఖాళీ చేసి చూపించమని."

"లేదు డోయల్," అంది. "నేనేం అనలేదు."

నర్సు వెళ్లాక చెబుదాం అనుకుంది. నర్సు వెళ్లింది. ఆపరేషన్ అయ్యాక చెబుదాం అనుకుంది. ఆపరేషన్ అయింది. ఆర్విల్ అంత్యక్రియలు అయ్యాక అనుకుంది. అయ్యాయి. పిరికిదై కాదు, గర్వం వల్ల అబద్ధమాడింది. గోడ మీద ఉన్న ఆ ఖాళీ మేకుని ఊడబెరకడం ఆవిడ వల్ల కాలేదు. అది ఆవిడకే తెలుసు, తెలిసి తనని తాను అసహ్యించుకుంది. అసహ్యించుకోవడం వల్ల డోయల్‌కి ఒరిగిందేమీ లేదు.

అంత్యక్రియల రోజు చర్చి మెట్ల మీద ఆర్విల్ కూతురు లూఆన్ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వెర్లీన్ గారూ, నేను డోయల్‌ని ఏమీ అననండీ. మా నాన్న కూడా అనడు. కానీ ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. ఒక్కటే అర్థం కావట్లేదు. డోయల్ ఆ గన్ పక్కకి వంచి ఎవరికి చూపిస్తున్నాడు?"

"అలవాటమ్మా," అంది వెర్లీన్. "చేతుల అలవాటు."

లూఆన్ తల ఊపింది. అర్థమై ఊపినట్టు లేదు.

వీడియో ఊళ్లో అందరూ చూశారు. పేపరువాళ్లు డోయల్‌ని వీరుడన్నారు, దొంగని కూల్చిన ఛాంపియన్ అన్నారు. క్లబ్బులో చేరేవాళ్లు రెట్టింపయ్యారు. ఆర్విల్‌కి జరిగింది తమకి జరక్కూడదని, సిద్ధంగా ఉండాలని, ఆర్విల్‌కి జరిగింది నేర్పే చోటికే వచ్చి చేరారు. వెండెల్ మాత్రం వీడియో ఒక్కసారే చూసి పక్కన పెట్టేశాడు.

"మొదటి సెకనున్నర చూపించి పాఠం చెప్పొచ్చు," అన్నాడు. "తర్వాతది కూడా పాఠమే. అది చెప్పడానికి నాకు నోరు రాదు."

కాఫీ హోటల్లో పొద్దుటిపూట కూర్చునే ముసలాళ్లకి నోరు బాగానే వచ్చింది. డోయల్ కర్ర పొడుచుకుంటూ మొదటిసారి లోపలికి వచ్చిన రోజున మూల బల్ల నుంచి ఒకడు అన్నాడు.

"డోయల్, కాఫీ అయిపోతే కప్పు ఖాళీ చేసి చూపించవోయ్!"

నలుగురు నవ్వారు. ఐదోవాడు నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి బయటికి చూశాడు. డోయల్ కప్పు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాడు. ట్రక్కులో కూర్చున్నాక, "వాళ్లనేదాంట్లో తప్పేముంది," అన్నాడు. వెర్లీన్ స్టీరింగు పట్టుకుని రోడ్డు కేసి చూస్తూ నడిపింది. చెప్పడానికి అంతకంటే మంచి అదను ఏముంటుంది? చెప్పలేదు.

గొంతు మాత్రం డోయల్‌ని వదల్లేదు. తిన్నా, కూర్చున్నా అదే. "అంత స్పష్టంగా ఎలా వినబడిందే?" అనేవాడు. ఇంకో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ లేదనే చెప్పింది. డాక్టరు ఓపిగ్గా విని, పెద్ద దెబ్బ తగిలినప్పుడు మెదడు అలాంటి ఆటలాడుతుందని చెప్పి, రోజుకొక మాత్ర రాశాడు. లేని గొంతు వినేవాడి దగ్గర తుపాకులు ఉండకూడదని డోయల్ తనంతట తానే తేల్చుకుని, ఇంట్లో ఉన్నవన్నీ వెండెల్‌కి అప్పజెప్పేశాడు. ఇచ్చేటప్పుడు ఒక్కొక్కటీ ఖాళీ చేసి చూపించి మరీ ఇచ్చాడు. మాత్ర వేసుకుంటే చేతులు సన్నగా వణికేవి. ట్యాంకర్ నడపడం మానేశాడు. ప్రతి ఉదయం ఆ మాత్రని నారింజరసం గ్లాసు పక్కన పెట్టేది వెర్లీనే. పెట్టి, మింగేదాకా అక్కడే నిలబడేది. ఏదైనా కళ్లతో చూస్తేగానీ నమ్మని మనిషి కదా.

పదకొండు నెలలు అలాగే గడిచాయి. సెప్టెంబరులో వెండెల్ ఇంటికి వచ్చాడు.

"ఆర్విల్ పేరు మీద పోటీ పెడుతున్నాం. లూఆన్ బిస్కెట్లు చేస్తానంది. నువ్వు టైమర్ పట్టాలి వెర్లీన్. కొత్తవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు భయంగా ఉంది."

"నేనింక ఆ పని చేయను."

"చెయ్యి," అన్నాడు డోయల్ కుర్చీలోంచి. "నాకు పిచ్చెక్కితే నీదేం తప్పు? వెళ్దాం. నేను బెంచీ మీద కూర్చుని చూస్తాను."

వెళ్లారు. బీడు అదే, గోడలు కొత్తవి. ఈ మధ్య క్లబ్బులో కొత్త పద్ధతొకటి పెట్టారు. ఆఖరి బొమ్మని కాల్చాక వెంటనే ఖాళీ చేయకూడదు, ఇంకెవడైనా ఉన్నాడేమో తల తిప్పి చూడాలి. ఆర్విల్ నేర్పిన పాఠం అనుకోండి. అందరూ తలలు ఎడమకీ కుడికీ టకటకా తిప్పేస్తున్నారు, కోళ్లలాగా. ఏమీ చూడటం లేదు. తిప్పాలి కాబట్టి తిప్పుతున్నారు. చూశానన్న తృప్తి మాత్రం అందరి మొహాల్లోనూ ఉంది.

మొదట నిలబడింది గ్వెన్ అనే ఆవిడ. పక్క ఊరి ఆసుపత్రిలో నర్సు. డోయల్‌కి ఆసుపత్రిలో కట్లు కట్టింది తనే. ఆ కట్లు కట్టాకే పిస్టల్ కొనుక్కుని, నెలకి నాలుగు ఆదివారాలూ వచ్చి నేర్చుకుంది. వెర్లీన్ ఆమె కుడి భుజానికి ఒక అడుగు వెనక నిలబడింది. "లోడ్ చేసి సిద్ధమవ్వు," అంది. గొంతు పాతగొంతే. బీప్ మోగింది. గ్వెన్ బాగానే కాల్చింది. ఆరు బొమ్మలకి పన్నెండు తూటాలు. తల ఎడమకి, తల కుడికి. పిస్టల్ ముందుకు చాచి నిలబడింది.

నిశ్శబ్దం వచ్చింది. వెర్లీన్ నోరు తెరిచింది. మాట రాలేదు.

గ్వెన్ కదల్లేదు. నేర్పినట్టే ఎదురు చూస్తోంది. లోపల ఇంకా తూటా ఉన్న పిస్టల్, చాచిన చేతులు. వెనక మాట్లాడుకుంటున్నవాళ్లు మాటలాపేశారు.

"వెర్లీన్," అన్నాడు వెండెల్. "చెప్పు."

ఆ మాట అంటే తలుపు తెరుచుకుంటుంది. ఆ మాట అంటే ఆర్విల్ చేతులు దింపి బయటికి వస్తాడు. పిస్టల్ బరువుకి గ్వెన్ చేతులు మెల్లగా కిందికి దిగుతున్నాయి.

"వెర్లీన్!"

ఆవిడ తల తిప్పింది. బెంచీ మీద నుంచి డోయల్ ఆవిడనే చూస్తున్నాడు. మొదట ఏమైందోనని కంగారుగా చూశాడు. తర్వాత ఆ కంగారు పోయింది. పదకొండు నెలలుగా తన బుర్రలో వెతుక్కుంటున్నది అతనికి అక్కడ, ఆవిడ మూగనోట్లో దొరికింది. కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. పెద్దగా అరవలేదు.

"అయిపోతే, ఖాళీ చేసి చూపించు."

గ్వెన్ చేతులు ఆ క్షణానే కదిలాయి. అన్నదెవరని చూడలేదు. మగగొంతో ఆడగొంతో కూడా పట్టించుకోలేదు. మేగజైన్ ఊడింది, తూటా ఎగిరి గడ్డిలో పడింది, పిస్టల్ కుడి పక్కకి వంగింది. వెర్లీన్ వంగి లోపలికి చూసింది. చూడకుండా ఉండటం చేతకాలేదు.

"ఖాళీ," అంది. ఆ మాట మాత్రం వచ్చింది.

బిస్కెట్ల ట్రే పట్టుకుని గోడ పక్కన నిలబడ్డ లూఆన్ వంగిన పిస్టల్‌ని చూసింది, దాని ముందు వంగిన వెర్లీన్‌ని చూసింది. ట్రే నెమ్మదిగా బల్ల మీద పెట్టి, తన కారు వైపు నడిచింది.

డోయల్ ట్రక్కు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వెర్లీన్ టైమర్ వెండెల్ చేతిలో పెట్టి అతని వెనకాలే వెళ్లింది. ఈసారి కుడి భుజం పక్కన నిలబడలేదు. ఎదురుగా నిలబడింది.

"ఆ రోజు వంగి చూశావు కూడా కదా," అన్నాడు.

"చూశాను."

"ఖాళీ అన్నావు."

"అన్నాను."

"ఆసుపత్రిలో అడిగాను నిన్ను. తర్వాత ఇంట్లో రెండుసార్లు అడిగాను."

"అడిగావు."

డోయల్ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆవిడ బతికిపోయేది. కర్ర లోపల పెట్టి, తుంటి పట్టుకుని కష్టపడి సీట్లోకి ఎక్కాడు. ఆవిడ సాయం పట్టబోతే చెయ్యి పక్కకి తీసుకున్నాడు. ఆవిడ అటు తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. క్లబ్బు గేటు దాటారు. ఇదివరకు డోయల్ ట్రక్కు ఆపి పిస్టల్ లోడ్ చేసుకునే చోటు వచ్చింది, వెళ్లిపోయింది. మూసేసిన ఆర్విల్ బంకు కూడా దాటాక డోయల్ కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"రేపు పొద్దున నాకు ఆ మాత్ర పెట్టకు."